పైపులు చూసి ఇల్లు కొన్న బాబాయి

ఇల్లు కొనేవాళ్ళు గోడలు చూస్తారు, వంటగది చూస్తారు, కిటికీ తీసి గాలి వస్తుందో లేదో చూస్తారు. మా బాబాయి మాత్రం భూమిలోపల ఏముందో చూసి కొన్నాడు. భూమి పైన ఏమీ లేదన్న సంగతి కొన్న తరువాత గానీ ఆయన బుర్రకెక్కలేదు.

ఆయన మునిసిపాలిటీ నీళ్ళ విభాగంలో పైపులు మోసే కూలీగా చేరి, మేస్త్రీగా రిటైరయ్యాడు. మా చుట్టాలందరికీ ఆయన పైపుల బాబాయే. సర్వీసంతా ఆయన చేసిన పని ఒకటే, నిన్న వేసిన రోడ్డును ఇవాళ తవ్వడం. మా దగ్గర ఇళ్ళు ముందు లేస్తాయి, రోడ్డు తరువాత పడుతుంది, పైపు సంగతి ఆ తరువాత ఎవరికో గుర్తొస్తుంది. బాబాయి పార పట్టుకుని వీధిలోకి దిగితే చాలు, గుమ్మాల్లోంచి తిట్లు మొదలయ్యేవి. ఆయనేమో నోట్లో నాలుక లేని మనిషి. తిట్లన్నీ విని, పగిలిన పైపుకు అతుకు వేసి, గొయ్యి పూడ్చి, ఒళ్ళంతా బురదతో ఇంటికి వచ్చేవాడు.

అలాంటి మనిషిని రిటైరయ్యే ముందు ఊరి చివర కొత్త కాలనీ పనికి వేశారు. అక్కడ అంతా తిరగేసిన పద్ధతి. ఒక్క ఇల్లు కూడా లేవకముందే రోడ్లు, నీళ్ళ పైపులు, మురుగు లైను, వీధి దీపాలు అన్నీ వేసేయాలి. దానికి డబ్బెక్కడిది? మునిసిపాలిటీ బాండ్లు అమ్మింది. బాండు అంటే మరేం లేదు, అప్పు కాగితం. డబ్బున్నవాళ్ళు కొనుక్కుంటే మునిసిపాలిటీ వాళ్ళకు ఏటేటా వడ్డీ ఇస్తుంది, గడువు తీరాక అసలు ఇస్తుంది. ఆ అప్పు తీర్చేది ఎవరయ్యా అంటే, రేపు ఆ కాలనీలో ఇళ్ళు కొనేవాళ్ళు. మామూలు ఇంటిపన్ను కాక, కాలనీ పన్ను అని ఇంకొకటి కడుతూ ఉండాలి, బాండ్లన్నీ తీరేదాకా.

ఈ లెక్కలేవీ బాబాయికి పట్టలేదు. ఆయనకు కనబడిందల్లా కొత్త పైపులు, తిన్నగా తీసిన కాలువలు, సరిగ్గా కుదిరిన వాలు. వేసినదాన్ని మళ్ళీ తవ్వనక్కర్లేదు. తిట్టేవాళ్ళు లేరు, ఎందుకంటే అక్కడ మనుషులే లేరు. రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, పెళ్ళికొడుకు పిల్లను చూసి వచ్చినట్టు మురిసిపోతూ చెప్పేవాడు. "అబ్బ, ఆ మురుగు లైను చూడాలమ్మా. నీళ్ళు వదిలితే ఎక్కడా ఆగకుండా జారిపోతున్నాయి. ఉంటే అలాంటి చోట ఉండాలి." ఉండటానికి చేరాడు కూడా. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్మంతా పెట్టి కాలనీలో మొట్టమొదటి వరసలో ఒక ఇల్లు కొన్నాడు.

పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, ఆయనకు పూర్తిగా వేరు. మాట్లాడకపోతే ఆవిడకు ముద్ద దిగదు. పాత వీధిలో మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఎదురెదురు. పక్కింటి వంటగది కిటికీ చెయ్యి చాస్తే అందుతుంది. పొయ్యి మీద గరిటె తిప్పుతూనే ఆ కిటికీలోంచి అవతలి ఆవిడ కష్టసుఖాలన్నీ కనుక్కునేది. వీధిలో ఎవరికి తుమ్ము వచ్చినా ముందు తెలిసేది పిన్నికే. అలాంటి మనిషిని తీసుకెళ్ళి ఆయన పైపుల మధ్యన దించాడు.

వాళ్ళు చేరిన కొద్దికాలానికే ఇళ్ళు కట్టే బిల్డరు చేతులెత్తేశాడు. మొదటి వరస కట్టి, తక్కినవి ఆపేశాడు. ఆ వరసలో కొన్నవాళ్ళు కూడా ధర పెరిగితే అమ్ముకుందామని తాళాలు వేసుకుని పోయారు. మనుషులున్న ఇల్లు ఒక్కటే, మా వాళ్ళది. వీధి చివరిదాకా దీపాలు వెలుగుతుంటాయి, కింద నడిచేవాడు ఉండడు. వాళ్ళది వరసలో చివరి ఇల్లు, పక్క ఖాళీ స్థలంలో మూత బిగించిన నీళ్ళ పైపు ఒక్కటి నేలలోంచి పైకి లేచి ఉంటుంది.

మనుషులు లేకపోతే పైపులకు కూడా కష్టమేనని అప్పుడు తెలిసింది. కాలనీ అంతటికీ సరిపడా వేసిన లావుపాటి పైపులో ఒక్క ఇంటి వాడకానికి నీళ్ళు కదలవు. నిలవ ఉండి వాసనేస్తాయి. అందుకని బాబాయి పొద్దున్నే లైను చివరిదాకా నడిచివెళ్ళి, వాల్వు తిప్పి, ఆ నీళ్ళు వదిలేసి వచ్చేవాడు. మునిసిపాలిటీలో పాత స్నేహితులను అడిగి వాల్వు తిప్పే తాళంచెవి సంపాదించుకున్నాడు. ఇంట్లో ఉన్న పిన్ని కూడా అలాగే నిలవ ఉండిపోతోందని ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది గానీ, నా మాట ఎవరు వింటారు?

చివరికి పిన్నే తెగేసి చెప్పింది. "ఎండలు ముదిరేలోపల నాకు పక్కన ఒక మనిషి కావాలి. లేదంటే నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతా. మీరు మీ పైపులతో కాపురం చేసుకోండి."

బాబాయి బెంబేలెత్తిపోయాడు. అప్పటినుంచీ ఇల్లు చూడటానికి ఏ కారు వచ్చినా చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తేవాడు. బిల్డరు మనిషి వాళ్ళకు హాలు, వరండా చూపించి బయటికి తేగానే ఈయన అడ్డం తగిలేవాడు. "అసలైంది చూడలేదు మీరు, రండి" అని రోడ్డు మధ్యకు తీసుకెళ్ళి, ఇనప కొక్కెంతో మురుగు లైను మూత ఎత్తి చూపించేవాడు! ఒకసారి నేనూ ఉన్నాను. పట్టుచీర కట్టుకుని వచ్చిన ఒకావిడ ముక్కుకు పైట అడ్డం పెట్టుకుంది. ఈయనేమో గోతిలోకి వంగి, "చూడండమ్మా, ఎంత వాలో!" అంటున్నాడు. అది చాలదన్నట్టు బిల్డరు మనిషి దాచిపెట్టిన కాలనీ పన్ను సంగతి కూడా చెప్పాడు. అంత మంచి లైనుకు ఆ మాత్రం కట్టొచ్చని ఆయన ఉద్దేశం. ఇళ్ళు తక్కువైతే ఒక్కో ఇంటిమీద పన్ను పెంచుకునే వీలు కాగితాల్లో ఉందని కూడా విడమరిచి చెప్పాడు. వాళ్ళు కారెక్కి వెనక్కి చూడకుండా పోయారు.

ఆ రోజు పిన్ని వాకిట్లో నిలబడి అంతా చూసింది. "ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు రావడం లేదా అనుకున్నాను. తరిమేస్తున్నది మీరా!" అని తల పట్టుకుంది. ఇకమీదట మూత ముట్టుకోనని, పన్ను మాట ఎత్తనని ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

ఎండలు మొదలయ్యాయి. ఒక ఆదివారం నేను అక్కడ ఉండగా, వాళ్ళ ఇంటికి రెండో పక్కన తాళం వేసి ఉన్న ఇల్లు చూడటానికి ఒక స్కూలు టీచరమ్మ తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. మంచినీళ్ళు అడగడానికి పిన్నివాళ్ళ గుమ్మం ఎక్కారు. అంతే, ఆ పెద్దావిడా పిన్నీ ఒకరినొకరు పట్టేసుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో మొదలుపెట్టి, కూతురు మొండితనం మీదుగా, పాలు విరగడం దాకా వెళ్ళారు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఇద్దరికీ అన్నీ వినపడుతున్నాయి. పిన్ని ముఖంలో అంత వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

టీ తాగుతూ టీచరమ్మ బాబాయిని అడిగింది. "లోను వాయిదా పోగా నా జీతంలో పెద్దగా మిగలదండీ. ఇక్కడ ఇంకేమైనా కట్టాల్సి ఉంటుందా? బిల్డరు మనిషి ఏమీ లేదన్నాడు."

బాబాయి పిన్ని వైపు చూశాడు. ఒట్టు గుర్తొచ్చింది కాబోలు, నేల చూపులు చూస్తూ నీళ్ళు నమిలాడు. పిన్ని చెయ్యి ఆ పెద్దావిడ చేతిలోనే ఉంది. ఒక్క "లేదు" అంటే చాలు, ఎండలు ముదిరేలోపలే ఆవిడ పక్కింట్లో ఉంటుంది.

"ఉందమ్మా," అంది పిన్ని. "బాండ్ల అప్పు తీరేదాకా ఏటేటా కట్టాలి. జనం రాకపోతే పెంచుతారట కూడా. ఒక్క జీతంతో నెట్టుకొచ్చేవాళ్ళకు కష్టం. నువ్వు ఇంకో చోట చూసుకో తల్లీ."

వెళ్ళేటప్పుడు పెద్దావిడ గేటు దగ్గర ఆగి, పిన్ని చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళిపోయింది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

బాబాయి గేటు వేసి వచ్చి అన్నాడు. "ఇల్లు అమ్మేస్తాను. మన పాత వీధికే పోదాం."

"ఎవరికి అమ్ముతారు?" అంది పిన్ని. "వచ్చినవాళ్ళందరికీ ఇదంతా చెప్పాలిగా." నవ్వుతూనే అంది గానీ, వంటింట్లోకి వెళ్ళాక ఏడ్చింది. నాకు బిల్డరు మీద, బాండ్లు అమ్మి చేతులు దులుపుకున్న మునిసిపాలిటీ మీద, బాబాయి మీద కూడా ఒళ్ళు మండిపోయింది.

ఎండలు ముదిరాయి. పిన్ని కోసం గది సర్ది పెట్టి, తీసుకురమ్మని అమ్మ నన్ను పంపింది. వెళ్ళేసరికి బట్టల సంచి సర్ది హాల్లో పెట్టి ఉంది. పిన్ని వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. బాబాయి ఎక్కడని అడగబోతుంటే పెరటి గోడ అవతల నుంచి గొంతు వినపడింది.

"ఏమండీ వదినగారూ! ఇవాళ ఏం వండారు?"

కిటికీలోంచి చూశాను. పక్క ఖాళీ స్థలంలో, మండే ఎండలో, తల మీద తువ్వాలు వేసుకుని బాబాయి నిలబడ్డాడు. గోడ మీదుగా తల ఒక్కటే కనబడుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో పిన్నితో "అన్నం పెట్టు" తప్ప రెండో మాట మాట్లాడి ఎరగడు. ఏం మాట్లాడాలో తెలియక చెమటలు కక్కుతున్నాడు.

పిన్ని చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళింది. తిడుతుందనుకున్నాను.

"ఏం వంట లెండి," అంది గోడకు ఆనుకుని. "మా ఆయనకు ఏది పెట్టినా ఒకటే. బాగుందని ఏనాడూ అనడు."

"అయ్యో, అంత మాట రాని మనిషా అండీ?"

"రాదండీ. మంచివాడే గానీ, పక్కన ఒక మనిషి ఉందని గుర్తుండదు."

బాబాయి తల మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు. "మీరు వెళ్ళిపోతున్నారని విన్నానండీ. నిజమేనా?"

పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"వెళ్దామనే అనుకున్నానండీ," అంది. "ఈలోగా పక్కింట్లోకి మీరు వచ్చారు."