అమ్మమ్మ కలిపిన చివరి క్రీము

మా తాతను క్రీముల కార్ఖానాలో అందరూ చుక్కల మేస్త్రీ అనేవాళ్లు. పెద్ద పాత్రలో బాదం నూనె పోయగానే అందులో రోజ్‌మేరీ ఆకు సారం చుక్కలు వేసేది ఆయనే. గాలి సోకి నూనె పాతబడిపోకుండా ఆ సారం కొంతకాలం కాపాడుతుంది. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టేసిన నాకే ఈ సంగతి కంఠతా వచ్చిందంటే, ఆయన ఎన్నిసార్లు చెప్పి ఉంటాడో మీరే ఊహించుకోండి.

ఆయన మాట చెవిన పెట్టని మనిషి ఒక్కతే, మా అమ్మమ్మ. ఎండిన గులాబీ రేకులు బాదం నూనెలో నానబెట్టి, వడకట్టి, తేనెమైనం కరిగించి తన క్రీము తానే చేసుకునేది. తాత రోజ్‌మేరీ సారం సీసా పట్టుకుని వెనకాలే తిరిగేవాడు.

"రెండు చుక్కలు వేయనీవే. చాలా రోజులు చెడకుండా ఉంటుంది."

"రాసుకోవడానికి చేస్తున్నా, దాచుకోవడానికా? పైగా ఆ వాసన! మీ పక్కన పడుకుంటే కార్ఖానాలో పడుకున్నట్టే ఉంది."

అమ్మమ్మ పోయాక అరలో ఉన్న డబ్బాలో కొంచెం క్రీము మిగిలింది. తాత రోజూ పొద్దున్నే మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూసేవాడు. వేలు మాత్రం ముంచేవాడు కాదు. గులాబీ, మైనం, వాటి వెనకాల అమ్మమ్మ. అదీ ఆయన ఉదయం.

ఒకరోజు మూత తీసి మొహం చిట్లించాడు.

"నువ్వు చూడవే, పిల్లా."

చూశాను. గులాబీ కింద నుంచి పాత నూనె వాసన తల ఎత్తుతోంది. తాత లేచి వెళ్లి సీసా తెచ్చాడు.

"చెడడం మొదలైన నూనెలో వేస్తే లాభం లేదని కుర్రాళ్ల చెవులు మెలిపెట్టి చెప్పిందెవరు, మేస్త్రీగారూ?"

"నోరు మూసుకుని చెంచా తే."

చెంచాడు క్రీము విడిగా తీసి, ఒక్క చుక్క వేసి కలిపాడు. వాసన చూసి నాకిచ్చాడు. గులాబీ లేదు, అమ్మమ్మ లేదు. చెంచా నిండా కార్ఖానా.

తాత సీసా మూత బిగించి, డబ్బాని దగ్గరికి లాక్కున్నాడు.

"ఇంకొన్నాళ్లుంచితే ఇది ఉత్త పాత నూనె," అన్నాడు. "చేతులు చాపు."

నా చేతులకీ తన చేతులకీ రాశాడు. ఇద్దరం అరచేతులు ముక్కుకి ఆనించుకుని జలుబు చేసినవాళ్లలా కూర్చున్నాం.

గిన్నెలు తోమే వంతు ఆ పూట తాతది. ఆయన లేవలేదు. నేనూ నీళ్ల జోలికి పోలేదు. పని నుంచి వచ్చిన అమ్మ సింకు చూసి, విసురుగా కొళాయి తిప్పింది.

"తాతకీ మనవరాలికీ ఒకేసారి చేతులు పడిపోయాయా?"

తాత చెయ్యి చాపాడు. అమ్మ విసుక్కుంటూనే దాన్ని ముక్కు దగ్గరికి లాక్కుంది. అలాగే ఉండిపోయింది. కాసేపటికి కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, వాటిని ఆయన ముందు పెట్టింది.

"నాకేమైనా మిగిల్చావా, నాన్నా?"

తాత డబ్బా అంచు చుట్టూ నెమ్మదిగా వేలు తిప్పాడు.