భద్రమ్మ వదిలిన మార్జిన్

రాష్ట్రం సరిహద్దు దాటగానే వచ్చే కొంటాలో, బస్టాండు వెనక సందులో భద్రమ్మ కుట్టు దుకాణం. దుకాణమంటే ఏదో ఊహించుకోకండి. రేకుల కింద ఒక కాలి మిషను, ఒక బల్ల, డబ్బా నిండా దారపు రీళ్లు, అంతే. అయినా దూరాన ఉన్న సుక్మా నుంచి కూడా జాకెట్లు ఆమెనే వెతుక్కుంటూ వస్తాయి. ఎందుకంటే ఆమె మార్జిన్ వదిలే తీరు అలాంటిది.

మార్జిన్ అంటే కుట్టుకు లోపల, పైకి కనబడకుండా వదిలే గుడ్డ. మనుషులు ఒళ్లు చేస్తారు, పిల్లలు ఎదుగుతారు. అప్పుడు కుట్టు విప్పి ఆ గుడ్డను బయటికి తీస్తే బట్ట మళ్లీ సరిపోతుంది. రెడీమేడ్ వాళ్లు సరిగ్గా అక్కడే కక్కుర్తి పడతారు. భద్రమ్మ మాత్రం రెండు వేళ్ల మేర వదులుతుంది. బిగించాల్సి వచ్చినా లోపలి గుడ్డ కత్తిరించదు, పాత కుట్టు విప్పదు. దాని పక్కనే ఇంకో కుట్టు లాగేస్తుంది.

"ఇయ్యాల తగ్గినోళ్లు రేపు పెరగరా? ఉండనియ్యి," అంటుంది.

ఆమె భర్త నాగార్జున దంతెవాడ దారిలో జీపు నడిపేవాడు. మనిషికి చొక్కా పిచ్చి. భార్య కుట్టిన గళ్ల చొక్కా వేసుకుని స్టాండులో దిగితే పెళ్లికొడుకులా ఉండాలి.

పోయిన జూన్‌లో ఒకరోజు, "ఏందే భద్రా, చొక్కా లూజయితాంది?" అన్నాడు.

"నీ బొజ్జ కరిగిందిలే! మళ్ల కుర్రోడివైతున్నవ్," అని నవ్విందామె. బొజ్జ తగ్గించమని ఎన్నేళ్లుగానో సతాయిస్తోంది మరి. అతన్ని నిలబెట్టి, రెండు పక్కలా వేళ్లతో గుడ్డ పట్టి చూసి, సుద్దతో గీత గీసి, పది నిమిషాల్లో కుట్టేసింది. ఇంటివాడిదే కదా అని మిషనుకున్న దారం కూడా మార్చలేదు. చొక్కా అతికినట్టు కూర్చుంది.

దసరాకు మళ్లీ వదులైంది. ఉతికి ఉతికి గుడ్డ సాగిందనుకుని మళ్లీ బిగించింది. మేడారం జాతర ముందు ఇంకోసారి బిగించింది. రాత్రిళ్లు రెండు ముద్దలు తిని లేచిపోతుంటే దారిలో ఏదో తిని వచ్చాడనుకుంది. ఇంట్లో బనీను మీద చూడలేదా అంటే చూసింది. రోజూ చూసే కంటికి తరుగు ఆనదు. పనితనం బాగా అబ్బినవాళ్లకు ఇదొక జబ్బు. లోపం కనబడగానే సరిచేసి పారేస్తారు గానీ అదెందుకొచ్చిందని అడగరు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం దంతెవాడ స్టాండులో నాగార్జున రక్తం కక్కుకున్నాడు. తోటి డ్రైవర్లు ఆసుపత్రిలో చేర్చి ఫోన్ చేశారు. భద్రమ్మ పడుతూ లేస్తూ వెళ్లేసరికి చొక్కా విప్పి పడుకోబెట్టి ఉన్నారు. పక్కటెముకలు ఒక్కొక్కటీ తేలి కనిపిస్తున్నాయి. కడుపులో గడ్డ ఉందన్నారు.

"కబ్ సే దుబ్లా హో రహా హై?" అని డాక్టరు అడిగాడు, ఎప్పటినుంచి చిక్కిపోతున్నాడని.

"పతా నహీ సాబ్," అంది. తెలియదని అనేసింది గానీ, వాళ్లు చేతికిచ్చిన ఆ గళ్ల చొక్కాను తిరగేసి పక్క కుట్టు చూసింది.

లోపల నాలుగు వరుసలున్నాయి. అంచున తెల్లదారం, కొత్తలో కుట్టింది. దాని పక్కన నీలం, జూన్‌లో బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నప్పటిది. తర్వాత మెరూన్, దసరా జాకెట్లది. ఆ తర్వాత పసుపు, మేడారం వెళ్లేవాళ్లకు కుట్టినప్పటిది. వరుసకూ వరుసకూ మధ్య వేలెడు మనిషి తరిగిపోయాడు. ఆ లెక్కంతా ఆమె చేత్తోనే కుట్టి పెట్టింది.

"జూన్ సే, సాబ్," అంది.

వేలితో ఒక్కో కుట్టూ చూపించింది. డాక్టరు చూసి, "దసరాకైనా తీసుకొచ్చి ఉంటే..." అని హిందీలో అనబోయి ఆగిపోయాడు.

నాగార్జున నలభై రోజులు బతికాడు.

తర్లగూడ నుంచి అతని అక్క సోమమ్మ వచ్చింది. గుమ్మంలోనే కూలబడి రాగాలు తీసింది. "జాతరల చూస్తిగదనే నా తమ్ముణ్ని! దొర లెక్క ఉండె! చొక్కా ఒంటికి పోత పోసినట్టుండె! ఎవరి దిష్టి తగిలెనే భద్రా!" చుట్టూ చేరిన ఆడవాళ్లు నిజమేనంటూ కళ్లొత్తుకున్నారు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న భద్రమ్మ తలెత్తింది.

"దిష్టి కాదు వదినా. ఆయన చిక్కుతుండని అందరికన్నా ముందు నా చేతులకు తెలిసింది. మూడుసార్లు తెలిసింది. మూడుసార్లూ నేనే బిగించిన. చొక్కా వదులుగ ఏలాడితే, జాతరల నువ్వన్న అడిగేటిదానివి, ఏందిరా తమ్మీ ఇట్లయినవని."

సోమమ్మ ఏడుపు ఆగిపోయింది. జాతరలో తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి నడిచిన సంగతి గుర్తొచ్చి, ఆ చేతి వైపు చూసుకుంటూ ఉండిపోయింది.