దోన్ ఎలియోదోరో దాహం

దోన్ ఎలియోదోరోకి, అంటే మన మాటలో ఎలియోదోరో గారికి, ఒకటే జబ్బు. గుమ్మం కనబడితే చాలు, నీళ్ళడుగుతాడు. భూమికి దక్షిణపు కొసనున్న పుంతా అరేనాస్ ఊరు దాటి గడ్డి మైదానంలో పడ్డాక ఇంటికీ ఇంటికీ మధ్య ఇరవై కిలోమీటర్లు. అయినా ఒక్క గుమ్మం వదలడు.

ఆ ఇళ్ళల్లో ఎవరొచ్చినా ముందు వేడివేడిగా మాతే కషాయం చేతిలో పెడతారు. వద్దంటే ఇంటిల్లిపాదినీ తిట్టినట్టే. ఈయన చెయ్యి అడ్డం పెట్టి, "అది తర్వాత తాగుదాం తల్లీ. ముందు ఒక గ్లాసు బావినీళ్ళు. పట్టి ఉంచినవి వద్దు, ఇప్పుడు తోడినవి కావాలి" అంటాడు. తోడుతుంటే పక్కనే నిలబడి, పెళ్ళికూతుర్ని చూసినట్టు బావిలోకి చూస్తాడు.

"మీ కంపెనీలో నీళ్ళివ్వరా ఏంటి?" అందొకావిడ.

"ఇస్తారమ్మా. సీసా నీళ్ళు. వాటికి రుచి ఉండదు."

మధ్యలో చచ్చేది జీపు నడిపే యోలాందా. తాగిన నీళ్ళు ఊరుకుంటాయా? అరగంటకోసారి బండి ఆపాలి. ఆ గాలికి మనిషి నిలబడటమే కష్టం. ఇక ఎటు తిరిగి నిలబడాలో తెలుసుకోవడం పెద్ద చదువు. మొదటి వారం ఆయనకి రోజుకి మూడు ప్యాంట్లు చాల్లేదు.

"దోన్ ఎలియో, మనల్ని పంపింది గాలి కొలవడానికి. మీరేమో నీళ్ళు తాగుతూ కూర్చున్నారు."

"గాలి ఎక్కడికీ పోదు పిల్లా. పోనీ, అదిగో ఇంకో ఇల్లు."

షుగరు జబ్బేమోనని భయపడి, ఒకరోజు బతిమాలి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు చూసి, "షుగరు లేదు. పంతం ఉంది. దానికి మందు లేదు" అన్నాడు.

అసలు పనేంటంటే, కంపెనీ వాళ్ళు అక్కడ గాలిమరలు పెట్టి కరెంటు తీస్తారట. ఆ కరెంటుతో నీళ్ళని విడగొట్టి హైడ్రోజన్ చేస్తారట. దాన్ని ఓడలకెక్కించి జర్మనీకి అమ్ముతారట. ఇదంతా కుదురుతుందా కుదరదా అన్నది దోన్ ఎలియోదోరో తేల్చి రాయాలి. రాజధాని నుంచి వచ్చిన పెద్దసారు ఫాబియన్ ముందే ఒక కాగితం తయారుచేసి పెట్టుకున్నాడు. అందులో మరలకి ఇంత, గొట్టాలకి ఇంత, రేవుకి ఇంత. నీళ్ళ దగ్గర మాత్రం, 'నేలలోంచి. ఉచితం.'

ఆఖరికి దోన్ ఎలియోదోరో రాసిచ్చింది చదివి ఫాబియన్ కళ్ళజోడు తీసేశాడు.

"సముద్రం నీళ్ళు మంచినీళ్ళు చేసుకుని వాడాలా? బావుల జోలికి పోకూడదా? ఇదేం రాతండీ?"

"కుదురుతుందా అని కదా అడిగారు. ఇలాగైతే కుదురుతుంది."

"రేటు పెరుగుతుంది. కొనేవాళ్ళు పారిపోతారు."

"ఇంత గాలి వాళ్ళకి ఇంకెక్కడ దొరుకుతుంది? పెరిగేది కొంచెమే. లెక్క వెనక పేజీలో ఉంది."

"నేలలో నీళ్ళు చాలవని మీకెవరు చెప్పారు?"

దోన్ ఎలియోదోరో చొక్కా జేబులోంచి జిడ్డోడుతున్న చిన్న పుస్తకం తీశాడు. నలభై ఒక్క ఇళ్ళు. ఏ బావిలో తాడు ఎన్ని బారలు దిగింది, ఎన్నో చేదకి బురద తగిలింది, అన్నీ పెన్సిలుతో రాసున్నాయి.

యోలాందా నోరు తెరిచింది. "అంటే ఇన్నాళ్ళూ మీరు తాడు లెక్కపెడుతున్నారా?"

"మరేం చెయ్యమంటావు? కంపెనీ కోసం మీ బావి కొలుస్తానంటే కుక్కల్ని వదులుతారు. దాహమన్నవాణ్ణి ఈ నేల మీద ఎవరూ పొమ్మనరు."

"నేను కళ్ళారా చూస్తేగానీ నమ్మను" అన్నాడు ఫాబియన్.

ముగ్గురూ దోన్యా ఎర్నెస్తినా అనే ముసలావిడ ఇంటికెళ్ళారు. ఆవిడకి రెండు వందల గొర్రెలు, ఒకటే బావి. ఫాబియన్ కోటు విప్పి తనే తోడాడు. పుస్తకంలో డిసెంబరుకి ఆరు బారలని ఉంది. అక్కడి ఎండాకాలం గడిచి మార్చి వచ్చేసరికి తొమ్మిది దిగింది. మూడో చేదకే బురద. కంచె అవతల గొర్రెలన్నీ అతన్నే చూస్తూ అరుస్తున్నాయి.

ముసలావిడ ఆ నీళ్ళు గుడ్డలో వడగట్టి గ్లాసు చేతికిచ్చింది. "తాగు నాయనా, ఎండలో వచ్చావు."

అతను తాగలేడు, కింద పెట్టలేడు. "మరి గొర్రెలకో?"

"సాయంత్రానికి ఊరతాయిలే. ఊరకపోతే రేపు."

ఫాబియన్ సగం తాగి, మిగతా సగం కంచె దగ్గరున్న గొర్రెపిల్లకి పట్టాడు. జీపు బానెట్ మీద కాగితం పరిచి, గాలికి ఎగరకుండా మోచేత్తో నొక్కిపట్టి, 'ఉచితం' కొట్టేసి 'సముద్రం' అని రాశాడు.

"ఇంతకీ మీ ఫ్యాక్టరీ వస్తుందా, రాదా?" అంది ముసలావిడ.

"వస్తుంది దోన్యా" అన్నాడు దోన్ ఎలియోదోరో. "కాస్త ఖరీదుగా వస్తుంది."

"ఖరీదు ఎవరికి?"

"కొనుక్కునేవాళ్ళకి."

"అయితే రానీ" అని, బావి మీద చెక్కమూత వేసి, దాని మీద స్థిమితంగా కూర్చుంది.