అలివి వలలో సూరన్న వాటా

గౌరీశ్వరికి నోరు ఊరుకోదు. ఇది నింద కాదు, ఆవిడే చెప్పుకునే మాట. చీపురుపల్లి దగ్గర ఓ పల్లెలో పొలం గట్ల మీద కేకలేస్తూ పెరిగిన మనిషి. ఈ గట్టు మీద మాట ఆ గట్టుకి చేరాలంటే గొంతుండాలి కదా. పెళ్లయి విశాఖపట్నం వచ్చాక ఉక్కునగరంలో ఓ క్యాంటీన్‌లో కుదిరింది. షిఫ్టు దిగి ఆకలితో వచ్చే జనాన్ని వరసలో నిలబెట్టడానికి ఆ గొంతు బాగానే పనికొచ్చింది. మొగుడు శ్రీరామ్మూర్తి రుషికొండలో ఓ ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. "మా ఆవిడ్ని తెచ్చి ఈ గేటు కాడ కూకోబెట్టండి సార్, కెమెరాలు దండగ" అంటూంటాడు అక్కడి వాళ్ళతో.

క్యాంటీన్ పని పోయాక ఆవిడ పని మారింది. జాలరిపేటకి నాలుగు సందుల ఇవతల ఒక అద్దె ఇల్లుంది. మేడ మీద ఇంటివాళ్ళు, కింద వాటాలో ముగ్గురు మగవాళ్ళు: సూరన్న, చందు, జయంత్. ముగ్గురికీ పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది. ఇలాంటి వాళ్ళని ఒకప్పుడు ఇంట్లో వెనక గదిలో ఉంచేవారు. వెనక గది లేనివాళ్ళు ఊరి బయట పెద్ద గోడలున్న చోట దించి వచ్చేవారు. అక్కడ గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. ఏ దేశం చరిత్ర తిరగేసినా ఆ గోడలు కనిపిస్తాయి. కట్టించిన వాళ్ళందరూ దయగల ప్రభువులే, అదే చిక్కు. చాలా కాలానికి ఎవరికో తట్టింది, వీళ్ళకి కూడా మనందరిలాగే ఒక వీధి కావాలని, వీధిలో ఒక ఇల్లూ ఇంటికో తాళం చెవీ కావాలని. అలా ఒక సంస్థ ఈ ఇల్లు తీసుకుంది. బోర్డు లేదు. గుమ్మం పక్కన మూడు పేర్లు రాసుంటాయి, అంతే.

ఆ ముగ్గురికీ తోడుండి సాయం చెయ్యడం గౌరీశ్వరి ఉద్యోగం. శిక్షణలో అనూరాధ మేడమ్ చెప్పవలసినదంతా రెండు ముక్కల్లో చెప్పింది: "చేసిపెట్టకు, చేసుకోనీ. వాళ్ళ బదులు మాట్లాడకు, మాట్లాడనీ." గౌరీశ్వరి తలూపింది. తలూపడానికేముంది! కొట్టువాడు ఏ సబ్బు కావాలని చందుని అడిగితే గౌరీశ్వరి చెప్పేది. మద్దిలపాలెం పోయే బస్సులో కండక్టరు ఎక్కడికని జయంత్‌ని అడిగితే గౌరీశ్వరి చెప్పేది. నొప్పెక్కడని డాక్టరు సూరన్నని అడిగితే గౌరీశ్వరి గబుక్కున తన మోకాలు పట్టుకుని చూపించేది.

సూరన్న వయసు నలభైకి దగ్గర. భీమిలి వైపు జాలరి కుటుంబం. పొట్టిగా, బొద్దుగా, చొక్కా గుండీ ఒకటి పై కాజాలోకి ఎక్కించుకుని తిరుగుతాడు. మాట అతని లోపల ఎక్కడో లోతున ఉంటుంది, పైకి రావడానికి టైము పడుతుంది. కానీ తెల్లవారుతూనే ఎవరూ లేపకుండా లేచి సముద్రం ఒడ్డుకి పోతాడు. ఎండ ముదిరే వేళకి ఓ క్యారీబ్యాగులో చేపలతో వస్తాడు. అంతకు ముందు పనిచేసిన మనిషికి ఇది అలవాటే. గౌరీశ్వరి ఆ ఇంటికి కొత్త.

"ఎవులిచ్చారు నాయినా?"

"పైడయ్య."

"ఎందుకిచ్చాడు?"

సూరన్న ఆలోచించాడు. అతను ఆలోచిస్తూండగానే గౌరీశ్వరి చింతపండు నానబెట్టడానికి లోపలికి పోయింది.

జవాబు మర్నాడు టీకొట్టువాడి దగ్గర దొరికింది, అదీ తప్పు జవాబు. "పేటోళ్ళు దయగలోళ్ళమ్మా. మీ సూరన్న, పాపం, ఎర్రి బాగులోడు కదా, రోజూ ఏదో ఒకటి ఎడతారు" అన్నాడు.

ఆ 'పాపం' గౌరీశ్వరికి ములుకులా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో తెలియాలంటే ఆవిడ ఊరి కళ్ళం దాకా పోవాలి. నూర్పిళ్ళప్పుడు ధాన్యం రాశి దగ్గర పనిచేసినవాళ్ళు కూలి గింజలు కొలిపించుకుంటారు. పనికి రానివాళ్ళు, లేనివాళ్ళు, చేట పట్టుకుని ఓ పక్కన నిలబడితే రైతు ఇన్ని గింజలు విదిలిస్తాడు. గౌరీశ్వరి తల్లి ఎంత కరువులోనూ పిల్లని అలా నిలబడనివ్వలేదు. 'మనం సేట పట్టం' అనేది. అంచేత చేతికొచ్చిన చేపలు చూడగానే గౌరీశ్వరి కళ్ళకి సముద్రం ఒడ్డంతా ఓ పెద్ద కళ్ళంలా, సూరన్న అక్కడ చేట పట్టుకుని నిలబడ్డట్టు కనిపించింది.

ఆ రోజు వచ్చిన నెత్తళ్ళని, వేలెడేసి సన్న చేపల్ని, ఆవిడ కడగలేదు. స్టీలు పళ్ళెంలో పోసి, మీద ఉతికిన గుడ్డ కప్పి, పేరంటానికి పోతున్నంత మర్యాదగా ఒడ్డుకి నడిచింది. అలివి వల లాగే జట్టుకి పెద్ద అయిన పైడయ్య ఇసుకలో కూర్చుని వల చిరుగులు కుడుతున్నాడు. చుట్టూ తాడు లాగి అలిసినవాళ్ళు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. మా సూరన్నకి ఇంట్లో ఏ లోటూ లేదు. కడుపునిండా తింటన్నాడు. రేపట్నించీ మీరేటీ ఇవ్వక్కర్లేదు. ఇయ్యాల్టివీ తెచ్చీసినాను, ఒక్కటి కూడా తియ్యలేదు, సూసుకోండి."

వల కుడుతున్న చెయ్యి ఆగింది. "ఆడు తెమ్మన్నాడా?"

"ఆడేటి సెప్తాడన్నా! నానే సెప్తన్నాను."

పైడయ్య ఆవిడ్ని చూశాడు, పళ్ళేన్ని చూశాడు. "సరే, పొయ్యి" అన్నాడు. గౌరీశ్వరి నెత్తళ్ళని ఇసుక మీద పోసి, తల్లి చూసి ఉంటే ఎంత మురిసేదో అనుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు సూరన్న పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు, ఖాళీ చేతులతో. మెట్టు మీద కూర్చున్నాడు. ఇడ్లీలు పెడితే ముట్టలేదు. కాసేపటికి పెరట్లోంచి చందు కేకేశాడు. పోయి చూస్తే ఉతికిన బట్టలన్నీ నేల మీదున్నాయి. బట్టలారేసే తాడుని సూరన్న విప్పి, చక్కగా చుట్ట చుడుతున్నాడు. చుట్టడం అయ్యాక మళ్ళీ విప్పి, మళ్ళీ మొదలెట్టాడు. బుగ్గల మీంచి కన్నీళ్ళు కారుతున్నాయి.

"ఏటయింది సూరన్నా? ఎవులు కొట్టారు?" అని అడిగింది గౌరీశ్వరి.

"తాడు లేదంట" అన్నాడు చందు. సూరన్న మాటలు గౌరీశ్వరి కంటే అతనికి తొందరగా అర్థమవుతాయి, బహుశా వింటాడు కాబట్టి.

తాడు సంగతి తెలిసింది చిట్టమ్మ వల్ల. చిట్టమ్మ పైడయ్య పెళ్ళాం, చేపల బేసిన్ నెత్తిన పెట్టుకుని ఆ సందుల్లో అమ్ముతుంది. ఆ రోజు గుమ్మం ముందు బేసిన్ దించింది గానీ చేపల మాటెత్తలేదు.

"ఏటి వొదినా, మా వల నీకేటి అన్యాయం సేసింది?"

"నానేటి సేసినాను? దానం అక్కర్లేదని సెప్పీసినాను, అంతే కదా."

"దానమా!" చిట్టమ్మ నోరు నొక్కుకుంది. "ఓలమ్మో, దానమనుకున్నావా? అది ఆడి వాటా!"

ఇక్కడ అలివి వల గురించి కాస్త చెప్పుకోవాలి. పడవ మీద పోయి సముద్రంలో నెలవంకలా వేసి, రెండు కొసల తాళ్ళనీ ఒడ్డు మీంచి లాగే పెద్ద వల అది. ఇలాంటిదాన్నే మలయాళం వాళ్ళు కంబవల అంటారు, గోవాలో రాంపణ్ అంటారు. పేరేదైనా, తాడు పట్టి వెనక్కి వాలిన నడుములు అన్ని ఒడ్ల మీదా ఒక్కలాగే ఉంటాయి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ వాటా ఉంటుంది. ముసలివాడికీ, రాత్రి తాగింది ఇంకా దిగనివాడికీ కూడా. సూరన్న అందరికంటే వెనక ఉంటాడు. లాగిన తాడు ఒడ్డుకి వస్తూంటే చుట్ట చుడతాడు. అది అతని చోటు.

"మరి ఇయ్యాల ఎందుకు పట్టనివ్వలేదే ఆడ్ని?"

"నువ్వు తెంపీసినావు కదా! మా కాడ వలతో తగువొచ్చినోడు వాటా పట్టుకొచ్చి పెద్ద ముందర ఇసకలో పోసీత్తాడు. ఇక మీకూ నాకూ సెల్లు అని. మా మావ అలాగే పోసీసి, సచ్చేదాకా ఆ తాడు ముట్టలేదు. నువ్వొచ్చి అందరి ముందూ పోసీసినావు. గుడ్డ కప్పి మరీ!"

గౌరీశ్వరి బేసిన్ పక్కన కూర్చుంది. కళ్ళం సంగతి చెప్పింది, చేట సంగతి చెప్పింది, తల్లి సంగతి చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి, "నానొచ్చి మీ ఆయన కాళ్ళట్టుకుంటాను. నాను సెప్తాను, సూరన్న తప్పేం లేదని" అంది.

"నువ్వు సెప్పింది సాల్లే. వాటా ఎవులిదో ఆళ్ళు రావాల. ఆడే సెప్పాల, ఆడి నోటితో."

"ఆడికి మాటలు రావు కదే వొదినా!"

"నీకొచ్చినన్ని రావు" అంది చిట్టమ్మ బేసిన్ ఎత్తుకుంటూ. "ఎవులికొచ్చేటి?"

సాయంత్రమంతా గౌరీశ్వరి సూరన్నకి పాఠం చెప్పింది. "పైడయ్య బావా, తప్పయిపోయింది, మన్నించండి, అను. ఏటీ, అను." సూరన్న ఊఁ అన్నాడు. అలా ఊఁ అంటూనే నిద్రపోయాడు.

తెల్లారి ఒడ్డున అందరూ ఉన్నారు. వల అప్పటికే నీళ్ళలో ఉంది, తాళ్ళు బిగిసున్నాయి. సూరన్న చోటులో ఇంకెవరో నిలబడున్నారు. పైడయ్య ముందుకొచ్చాడు.

"సూరన్నా, నీ వాటా నువ్వు తిరిగిచ్చీసినావా?"

సూరన్న సముద్రం వైపు చూశాడు. తన కాళ్ళ వైపు చూశాడు. ఒక అల వచ్చి పోయింది. గౌరీశ్వరి నోరు దానంతటదే తెరుచుకుంది; చిట్టమ్మ మోచేత్తో డొక్కలో పొడిచింది. ఇంకో అల వచ్చింది. తను ఒక్క ముక్క అందిస్తే చాలు, మిగతాది వాడే అంటాడనిపించింది గౌరీశ్వరికి. ఆ ఒక్క ముక్కా నాలుక చివరికొచ్చి కూర్చుంది. ఇక లాభం లేక పైట చెంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది.

"తొందరగా కానీరా బావా, లోపల సేపలు ముసలైపోతన్నాయి" అన్నాడెవడో తాడు మీంచి.

"ఉండండెహె" అన్నాడు పైడయ్య.

సూరన్న గొంతు సవరించుకున్నాడు. "నాను ఇవ్వలే" అన్నాడు. తరవాత చెయ్యెత్తి సూటిగా గౌరీశ్వరిని చూపించాడు. "అప్ప ఇచ్చీసింది."

తప్పూ లేదు, మన్నింపూ లేదు. నిన్నటి పాఠంలో ఒక్క ముక్క రాలేదు.

"నీ వాటా ఆవిడ సేతికి ఎందుకిచ్చినావురా మరి?"

ఈసారి అంత ఆలస్యం కాలేదు. "వండుతాదని."

తాళ్ళ మీద నవ్వు ఈ కొస నుంచి ఆ కొసకి పాకింది. పైడయ్య మాత్రం నవ్వలేదు. "ఇప్పుడేటంతావు?"

"నాకు కావాల" అన్నాడు సూరన్న. "తాడు నాది. అప్పకి తెల్దు."

పైడయ్య వెనక్కి తిరిగి, "ఒరే, జరగండి, ఆడి సోటు ఆడికియ్యండి" అన్నాడు. సూరన్న పోయి, చుట్ట మొదలు చేతిలోకి తీసుకుని, ఇంకెవరో చుట్టినదంతా విప్పి, మొదటినుంచీ చుట్టడం మొదలెట్టాడు. గౌరీశ్వరి నోట్లోంచి చెంగు తీసింది. తడిసిన కొసని పిండి భుజాన వేసుకుంది.

వల అంత గొప్పగా ఏమీ రాలేదు. సగం నాచు. సూరన్న వాటాకి నాలుగు దోసిళ్ళ నెత్తళ్ళొచ్చాయి. ఇంటికి రాగానే గౌరీశ్వరి చెయ్యి అలవాటుగా చింతపండు డబ్బా మీదికి పోయింది. అక్కడే ఆగింది. వెనక్కి తిరిగి అడిగింది:

"సూరన్నా, ఏటి సేద్దాం? పులుసా, ఏపుడా?"

అడిగి ఊరుకుంది. ఈలోగా స్టవ్ మీద పాలు పొంగాయి, జయంత్ వచ్చి కట్టేశాడు. సూరన్న ఆలోచిస్తూనే ఉన్నాడు. తను ఇవ్వజూపిన రెండింటిలో ఒకటి చెబుతాడని ఆవిడ ఎదురుచూస్తోంది.

"ఎండెడతాను" అన్నాడు సూరన్న.

నెత్తళ్ళని డాబా మీద ఎండబెడితే ఆ వాసన గడప దాటి, సందు దాటి, ఎంతదూరం పోతుందో గౌరీశ్వరికి తెలుసు. వద్దనడానికి పది కారణాలు ఒక్కసారిగా నోటికొచ్చాయి. ఆవిడ పాత గోనెపట్టా వెతికి అతని చేతికిచ్చింది. సూరన్న ఒక్కొక్క చేపనీ విడివిడిగా, తోకలన్నీ ఒకే వైపుకి పెట్టి పరిచాడు.

మధ్యాహ్నానికి మేడ మీంచి ఇంటి ఓనరు ఉమామహేష్ ముక్కుకి రుమాలు కట్టుకుని దిగొచ్చాడు. తిన్నగా గౌరీశ్వరి దగ్గరికే పోయాడు.

"ఏటండి ఈ కంపు? ఎవర్నడిగి పోశారు మా డాబా మీద? ఇదేటి ఇల్లా, ఫిషింగ్ హార్బరా? ఎప్పుడు తీస్తారు?"

గౌరీశ్వరి దగ్గర ఆయనకి సరిపడా జవాబుంది. గట్టిదే. దాన్ని మింగి, "సూరన్ననడగండి బాబూ. సేపలు ఆయనవి" అని చెప్పి, చేట తీసుకుని బియ్యం చెరగడానికి కూర్చుంది.

ఉమామహేష్ ఒకసారి ఆవిడ్ని చూశాడు. చేసేది లేక మెట్టు మీద కూర్చున్న సూరన్న ముందుకి పోయి నిలబడ్డాడు. "ఏమయ్యా, ఎప్పుడు తీస్తావు?" అన్నాడు. చాలాసేపు నిలబడ్డాడు. మధ్యలో రుమాలు కూడా విప్పుకున్నాడు.

"ఎండినాక" అన్నాడు సూరన్న. మళ్ళీ కొంచెం ఆగి, "నీకూ ఎడతాను" అన్నాడు.