నా వకీలు ఇచ్చిన తీర్పు

మొన్న నిర్మల్ పోస్టాఫీసులో వరుసలో నిలబడి ఉన్నాను. నా ముందున్నాయన గుడ్డలో కుట్టిన పార్సిలు ఎవరికో పంపుతున్నాడు. గుమాస్తా కొవ్వొత్తి వెలిగించి లక్క కడ్డీని మంట మీద పట్టాడు. ఎర్రటి చుక్క కుట్టు మీద పడింది. దాని మీద ఇత్తడి ముద్ర అదిమేసరికి ఆ వాసన నా ముక్కుకు తగిలింది. ఇక నిలబడలేకపోయాను. వచ్చిన పని వదిలేసి బయటపడి, ఎండలో బస్టాండు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాను. పదేళ్ళు దాటినా ఇంతే. నేనే పట్టుబట్టి తెప్పించుకున్న కోర్టు ముద్ర మా మిల్లు గేటు మీద పడిన రోజు కళ్ళ ముందుకు వస్తుంది. ఆ వెంటే నర్సింగరావు వకీలు సాబ్ వస్తారు. ఆయన్ని ఎరగనివాళ్ళకు ఆయన గురించి చెప్పాలని ఎన్నాళ్ళనుంచో ఉంది.

భైంసాలో మాకు పత్తి జిన్నింగ్ మిల్లు ఉండేది. మా ఆయన మాధవరావు, ఆయన చిన్ననాటి స్నేహితుడు పాండురంగం పొత్తులో పెట్టారు. పత్తిలోంచి గింజ తీసే యంత్రాలు, వాటిని నడిపే ఇంజను ఒక షెడ్డులో. తీసిన దూదిని బేళ్ళుగా అదిమే ప్రెస్సు ఇంకో షెడ్డులో. మధ్యన పత్తి బండ్లు ఆగే ఖాళీ జాగా. అన్నిటికీ కలిపి ఒకటే గేటు. మా ఆయన కామెర్లతో వారం రోజుల్లో పోయారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, నాలుగేళ్ళ కూతురు. నెల గడిచాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఒక ఉదయం మిల్లుకు వెళ్ళాను. మా ఆయన కుర్చీలో పాండురంగం బావమరిది కూర్చుని ఉన్నాడు. పాండురంగం నన్ను చూసి గేటు దగ్గరికి ఎదురొచ్చాడు. వాళ్ళింట్లో సగం మరాఠీ మాటలు. నన్ను వదినా అనడు, వహినీ అంటాడు.

"వహినీ, మాధవ్‌తోనే పొత్తు పోయింది. ఇంట్లకు ఏం కావాల్నో చెప్పు, పంపిస్త. మిల్లు కాడ ఆడోళ్లకేం పని?"

పత్తి ఏరే ఆడవాళ్ళు, ఇంజను డ్రైవరు, బండ్లు తోలుకొచ్చిన రైతులు, అందరూ చూస్తున్నారు. నేను వెనుదిరిగి ఇంటికి వచ్చేశాను. మర్నాడే బస్సెక్కి నిర్మల్ వెళ్ళాను.

నర్సింగరావు గారిది కరీంనగర్ వైపు. ఎప్పుడో వచ్చి నిర్మల్‌లో స్థిరపడ్డారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆయన కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. కాగితం చదవాలన్నా, కక్షిదారుతో మాట్లాడాలన్నా వరండాలో ఆ కొసనుంచి ఈ కొసకు తిరగవలసిందే. మాట్లాడాలంటే మనమూ వెంట తిరగాలి. మా పొత్తు కాగితాన్ని ఆయన మూడుసార్లు చదివారు, మూడుసార్లూ నడుస్తూనే. చివర ఒక షరతు ఉంది. తగాదా వస్తే ఇద్దరికీ సమ్మతమైన పంచ్‌ను మధ్యవర్తిగా పెట్టుకుని తేల్చుకోవాలని.

"రెండు తొవ్వలున్నయి బిడ్డా," అన్నారు. "కోర్టుకు పోతే అది సాక్షులను పిలిపిస్తది, విననోని మెడలు వంచుతది. కింద తప్పు జరిగితే పై కోర్టున్నది. కని అది దాని తీరిక చూసుకుంటది, నీ తీరిక చూడది. పంచ్‌ను పెట్టుకుంటే తొందరగ తేలుతది, పత్తి సంగతి తెలిసినోణ్ని మీరే ఏరుకోవచ్చు. గాయన తప్పు చెప్తే మాత్రం అంతే. అడుగుదామంటే మీద ఎవ్వలుండరు."

"మీరైతే ఏం చేస్తరు?"

"నాది కోర్టు మీద బతుకు. మీ తగాదా ఎంత సాగితే నాకంత పని. నా సలహా అడిగేటప్పుడు గది యాదుంచుకో."

అలా చెప్పే వకీలు ఉంటాడని నాకు తెలియదు. కాని ఆ రోజు నాకు సలహా అక్కరలేదు. "అందరి ముంగట నన్ను ఎల్లగొట్టిండు. అందరి ముంగటనే తేలాలె. నాకు కోర్టే కావాలె," అన్నాను. ఆయన నడక ఆపి నా ముఖం చూశారు. "సరే," అని మళ్ళీ నడక సాగించారు.

దావా పడింది. విచారణ అయ్యేదాకా ఇద్దరిలో ఎవరూ మిల్లు నడపకూడదని ఉత్తర్వు వచ్చింది. దసరా ముందు ఒక పగలు కోర్టు అమీను వచ్చి గేటుకు తాళం వేసి, తాళం మీద గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్రలు వేశాడు. పాండురంగం తలవంచుకుని వెళ్ళిపోతుంటే నా కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఒక్క రోజు నిలిచింది.

మూడోనాడు పత్తి ఏరే ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. తిట్టలేదు, ఏడవలేదు. అరుగు మీద వరుసగా కూర్చున్నారు. వాళ్ళలో పెద్దది లస్మవ్వ మాత్రం లేచేటప్పుడు, "సావ్కారమ్మా, మీ ఇద్దరి పంతం బాగనే ఉన్నది. గీ సీజను పోతే మేం ఎవల మొగం చూడాలె?" అంది. కొత్త పత్తి అప్పుడే దిగుతోంది. బండ్లు మా గేటు దాకా వచ్చి, ముద్ర చూసి, వేరే మిల్లుల దారి పట్టేవి. నేను రోజూ పొద్దున గేటు దాకా వెళ్ళేదాన్ని. ఎందుకని అడిగితే చెప్పలేను. ఇంట్లో ఉంటే గేటు దగ్గర ఉండాలనిపించేది, గేటు దగ్గరికి వస్తే ఇంటికి పోవాలనిపించేది.

అదే ఏడు రాష్ట్రాలు మారాయి. అప్పటిదాకా నాందేడు జిల్లాలో ఉన్న మా తాలూకా ఆదిలాబాదు జిల్లాలో కలిసింది. మా దావా కాగితాలు ఏ కోర్టులో ఉన్నాయో చెప్పేవాడు లేడు. అక్కడ అడిగితే పంపించామన్నారు, ఇక్కడ అడిగితే రాలేదన్నారు. వకీలు సాబ్ రెండు చోట్లకూ తిరిగి చివరికి కాగితాలు ఆదిలాబాదు చేర్పించారు. మొదటి పేషీ నాడు పాండురంగం రాలేదు, అతని వకీలూ రాలేదు. నేను లోలోపల సంబరపడ్డాను. మా వకీలు లేచి, "జిల్లా మారిన గడబిడలో వాళ్ళకు కబురు అంది ఉండదు, వాయిదా ఇప్పించండి," అని జడ్జీని కోరారు. బయటికి వచ్చాక ఆయన మీద విరుచుకుపడ్డాను.

"మీరు ఎవలి వకీలు?"

"నీ వకీలునే. వాడు లేనప్పుడు గెలిస్తే, వాడు తెల్లారే వచ్చి ఆ గెలుపును తిరగదోడుతడు. ఇంకో రెండేండ్లు నడుస్తవా?"

అప్పటికే నడిచి నడిచి అలిసిపోయాను. కొన్నాళ్ళకు ఊరి పత్తి వ్యాపారి ఒకాయన పంచ్‌గా కూర్చుంటానని కబురు పెడితే, ఎలాగో ఒకలా తేలితే చాలని ఒప్పుకోబోయాను. ఈసారి వకీలు సాబ్ మండిపడ్డారు. "గాయన గోదాములనే పాండురంగం సరుకంత ఉంటది. అసొంటోని చేతిల మెడ పెడ్తవా? దానికంటె కోర్టు పదేండ్లు చేసినా నయ్యమే!" పంచ్ మంచిదని గాని, కోర్టు చెడ్డదని గాని ఆయన నోట ఎన్నడూ వినలేదు. తీర్పు చెప్పేది ఎవరన్నదే ఆయన బాధ.

ఆ తర్వాత జరిగింది మాత్రం నేను ఊహించలేదు. ఒకనాడు నేను వకీలు సాబ్ వరండాలో ఉండగా పాండురంగం వచ్చాడు. నన్ను చూసి వెనుదిరగబోయి ఆగాడు. "వకీలు సాబ్, ఆ దినం నా తరఫున మీరే వాయిదా అడిగిన్రట. నా వకీలు గూడ గంత చెయ్యలే. మీరే పంచ్‌గ కూసోన్రి. మీరు ఏది చెప్తే అది," అన్నాడు.

ఆయన చాలాసేపు నడిచారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు. "నేను పంచ్ అయితే ఇగ నీ వకీలును కాను బిడ్డా. నీ దిక్కు మొగ్గను. నీకు ఎదురు చెప్పొచ్చు. చెప్పినంక నా మీదికి వచ్చుడు లేదు. ఇంటికి పోయి ఆలోచన చెయ్యి."

ఆలోచించడానికి ఇంటిదాకా పోలేదు. అక్కడే ఒప్పుకున్నాను. నిజం చెప్పాలి. పైకి చెప్పకపోయినా ఆయన నా మనిషే కదా అనుకున్నాను. ఆయన ముందు ఆ మాట అనుకోవడానికి సిగ్గుపడనందుకు ఇప్పుడు సిగ్గుపడతాను.

కోర్టు అనుమతితో ముద్రలు తీయించి మిల్లులోనే విచారణ పెట్టారు. మూడు రోజులు ఆ రెండు షెడ్ల మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఇంజను వేయించి విన్నారు. లస్మవ్వను ఏదో అడిగారు. పాండురంగం బావమరిదిని బయట నిలబడమన్నారు. నన్ను ప్రెస్సు దగ్గరికి పిలిచి, "ఇది నడుపుడు నీకు ఎరికేనా?" అన్నారు. "లేదు," అన్నాను. "నేర్చుకుంటవా?" అన్నారు. ఎందుకు అడుగుతున్నారో తెలియక తలూపాను.

తీర్పు ఒక్క కాగితం. కారణాలు లేవు. మాధవరావు మరణంతో పొత్తు ముగిసింది. ఇంజను, గింజ తీసే యంత్రాలు పాండురంగానికి. ప్రెస్సు, దాని షెడ్డు నాకు. గేటు ఇద్దరిది.

పొత్తు ముగిసింది అన్న మాట దగ్గరే నాకు చెవులు మూసుకుపోయాయి. గేటు దగ్గర పాండురంగం నాతో అన్నది అదే మాట. మిల్లుకు ప్రాణం ఇంజను, అదీ అతనికే పోయింది. వకీలు సాబ్ వైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాను.

ఆదిలాబాదులో ఒక కుర్ర వకీలు కాగితం చూసి నవ్వాడు. "మీ వకీలే పంచ్‌గా కూర్చున్నాడా? కపటంతో మిమ్మల్ని ఒప్పించాడని రాస్తే ఒక్క పేషీలో కొట్టేయిస్తాను," అన్నాడు. అర్జీ రాసి పెట్టాడు. దాన్ని తీసుకుని ఎందుకో తిన్నగా నర్సింగరావు గారింటికే వెళ్ళాను. ఆయనకు అది చూపించి బాధపెట్టాలనే కావచ్చు. ఆయన నిలబడి చదివారు.

"మంచిగనే రాసిండు. తప్పు చెప్పిండంటే వినరు, కని కపటమంటే అడిగే హక్కు నీకున్నది. ముప్పై రోజుల లోపల వెయ్యాలె, అటెన్క తీసుకోరు. ఇంక పన్నెండు దినాలే ఉన్నయి, జర చూసుకో." కాగితం మడతలు పోకుండా తిరిగి ఇచ్చారు. "పొద్దటిసంది తిరుగుతున్నట్టున్నవు. అన్నం తిని పో," అన్నారు. నేను తినలేదు.

చివరి రోజు ఆదిలాబాదు కోర్టు వరండాలో ఉన్నాను. సంతకం పెట్టాలి, అంతే. కలం తీస్తాను, 'కపటంతో' అన్న మాట దగ్గరికి వస్తాను, లేచి గేటు దాకా నడుస్తాను, తిరిగొస్తాను. ఆయన తీర్పు తప్పని ప్రమాణం చేయమంటే కళ్ళు మూసుకుని చేసేదాన్ని. ఆయన కపటి అని మాత్రం రాయలేకపోయాను. ఒప్పించడం అటుంచి, వద్దనుకునే వీలు ఎన్నిసార్లు ఇచ్చారో నాకు తెలుసు. కచేరీ తలుపులు మూశారు. నేను క్షమించానని ఎవరూ అనుకోవద్దు. ఆ రోజు బస్సులో దారిపొడుగునా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

మిల్లు తెరిచాం. ప్రెస్సు పని నేర్చుకోవడానికి నాకు ఒక సీజను పట్టింది. వేలు నలిగింది, బేళ్ళు వంకరపోయాయి. పాండురంగం తీసిన దూది బేలు కాకుండా కదలదు. అతను దూది తీయకపోతే నా ప్రెస్సుకు పని లేదు. రెండేళ్ళు మా మాటలు "దూది తడిగున్నది" "రేపు పంపుత" దాటలేదు. మూడో ఏడు మా అమ్మాయికి జ్వరం వస్తే అతని భార్య వచ్చి వారం రోజులు మా ఇంట్లోనే ఉంది. సీజనుకు రెండుసార్లయినా మేము గొడవపడతాం. సాయంత్రానికి గేటు మూయడానికి మాత్రం ఇద్దరం రావలసిందే. లస్మవ్వ రెండు షెడ్లలోనూ పని చేసి, రెండుచోట్లా మమ్మల్ని తిట్టేది.

సొంత కక్షిదారునే ఓడించిన వకీలని నర్సింగరావు గారికి పేరు పడింది. దావాలు తగ్గాయి. ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేదు. చివరి జబ్బులో చూడబోతే మంచం మీద కూర్చుని ఉన్నారు. కాళ్ళు మాత్రం కింద కదులుతూనే ఉన్నాయి. ఏడేళ్ళుగా మనసులో ఉన్న మాట అడిగాను.

"వకీలు సాబ్, ఇంజను నాకెందుకు ఇయ్యలే?"

"ఇచ్చేదుండెనేమో," అన్నారు. నేను బిత్తరపోయాను. "ఇంజను నీకిస్తే వాడు దినాం ఏదో ఒకటి చెడగొడ్తడని అనుకున్న. ప్రెస్సు అయితే వాడే నీ కాడికి రావాలె. మల్ల ఒక్కొక్కపాలి అనిపిస్తది, నువ్వు నా మనిషివని ఎవలన్న అంటరేమో అన్న భయంతోని నీకు తక్కువ ఇచ్చిన్నా అని. తెల్వది బిడ్డా. అప్పటిసంది తిరుగుతనే ఉన్న."

నన్ను ఓడించినందుకు ఆయన నిశ్చింతగా ఉన్నారనుకుని ఇన్నేళ్ళూ కోపం పెట్టుకున్నాను. ఆయనా నాలాగే నిలకడ లేక తిరుగుతున్నారని ఆ రోజు తెలిసింది. నెల తిరక్కుండానే పోయారు.

ఇప్పుడు వ్యాపారులు నన్నూ పంచ్‌గా పిలుస్తున్నారు. కిందటి నెల హుస్నాబాద్ వైపు నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. బియ్యం మిల్లు తగాదా. కాగితం సిద్ధంగా తెచ్చుకున్నారు. నేను చెప్పవలసింది చెప్పాను. "నేను తప్పు చెప్పొచ్చు. చెప్పినంక మీకు మీద దిక్కుండది. కోర్టు ఆలస్యం చేస్తది, కని ఆడ ఇంకొక మెట్టు ఉంటది. ఇద్దరు మంచిగ ఆలోచన చేసుకోని సంతకం పెట్టున్రి." పెద్దవాడు వెంటనే పెట్టాడు. చిన్నవాడు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చివరికి దాన్ని కింద పెట్టి, "ఏమనుకోకమ్మా, నేను కోర్టుకే పోత," అన్నాడు.

పెద్దవాడు నావైపు కోపంగా చూశాడు. నేను చిన్నవాడికి కరీంనగర్‌లో ఒక మంచి వకీలు పేరు, ఆయన ఇల్లు ఉన్న వీధి చెప్పాను. గేటు దాకా వెళ్ళి ఇద్దర్నీ సాగనంపాను. వాళ్ళు చెరొక బస్సూ ఎక్కారు. చిన్నవాడు చేసింది మంచిదో కాదో నాకు తెలియదు. ఆ సాయంత్రం వంట మొదలుపెట్టి రెండుసార్లు పొయ్యి వదిలేసి వరండాలోకి వచ్చాను.