ఇబ్రాహీం కార్బన్ కాగితాలు

రోడ్డు కొలతలకు వచ్చిన మనిషి దెబోరాకు దండం పెట్టి పోయాడట. ఆ దండమే ఆమెకు మింగుడుపడటం లేదు.

భైంసాలో తహసీలు ఆఫీసు ప్రహరీ పక్కన, ప్లాస్టిక్ పట్టా నీడన కూర్చునే టైపిస్టు ఇబ్రాహీం దగ్గరికి పొద్దున్నే వచ్చింది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"మేం రోడ్డుకు అడ్డం చెప్పినోళ్లం గద భాయ్. తిట్టాలె. వాడేమో 'మంచోళ్లమ్మా మీరు, లొల్లి లేకుంట ఒప్పుకున్నరు' అన్నడు. అని, మా ప్రేమ్‌చంద్ సమాధి మీదికెల్లే సున్నం గీత గీసిండు. గీసినంక దండం పెట్టిండు."

"కొత్త పోరడు అయ్యుంటడు చెల్లె. ఇంకో ఊరనుకొని మీ ఊర్ల అన్నడు. ఫికర్ చెయ్యకు."

"అడ్డం చెప్పేటందుకు ఇయ్యాల్నే ఆఖరి దినమట. అయిదు గొట్టినంక కాగితం తీసుకోరట."

"మన కాగితం పోయి పది దినాలాయె. నువ్వే దస్కతు చేస్తివి. నేను సదివి ఇనిపిస్తి. ఇంకేంది?"

అది నిజమే. దెబోరా ఊళ్లోని క్రైస్తవుల సమాధుల తోట పత్తి చేన్ల నడుమ ఉంది. ఆమె తల్లీ, భర్త ప్రేమ్‌చంద్ అక్కడే ఉన్నారు. కొత్త రోడ్డు గీత ఆ తోట మీదుగా పడింది. ఆ గీతను తూర్పున ఉన్న సర్కారు భూమి మీదికి జరపమని చర్చి సంఘం తరఫున దెబోరా దరఖాస్తు పెట్టించింది. "ఇంగ్లీషుల కొట్టు భాయ్, బలంగుంటది" అని ఆమే అడిగింది. ఆ గోడ దగ్గరికి వచ్చే వాళ్లంతా అడిగేది అదే. తెలుగు కాగితమైతే పక్కన పడేస్తారని, ఇంగ్లీషు కాగితమైతే సారు లేచి కూర్చుని చదువుతాడని అందరి నమ్మకం.

సాయంత్రం బస్సు దాకా ఊరికి పోయేది లేదని చెప్పి, దెబోరా బస్టాండు వైపు నడిచింది. ఆమె వెళ్లాక కూడా ఇబ్రాహీం చెవిలో ఆ దండం మాట తిరుగుతూనే ఉంది.

ఇబ్రాహీం ఏడో తరగతితో బడి మానేశాడు. పాత దరఖాస్తులు, పొట్లాలు కట్టిన పేపర్లు, ఆఫీసు తలుపుకు అంటించిన నోటీసులు, వీటిలోంచే ఇంగ్లీషు ఏరుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ గోడే అతని దుకాణం. అతనికి ఒక పద్ధతి ఉంది. మనిషి చెప్పడం అయిపోయేదాకా మిషన్ ముట్టడు. రేషన్ కార్డు కోసం వచ్చినవాడు చనిపోయిన దూడ గురించి చెబితే దూడ కథా వింటాడు. టైపు కొట్టాక, తెలుగులోనో, ఉర్దూలోనో, మరాఠీలోనో చదివి వినిపిస్తాడు. "ఔ, నేను జెప్పింది గిదే" అన్న తర్వాతే వేలుముద్ర. అలా చదివి వినిపించే టైపిస్టు ఆ వరసలో ఇంకొకడు లేడు. అతని గర్వమంతా అక్కడే ఉంది.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతే, కూతురు కైనాత్ నౌకరి పరీక్ష పుస్తకం ముందేసుకుని కూర్చుంది. అడగడం ఆమెకు ఆట, చెప్పడం అతనికి సరదా.

"అబ్బూ, 'ఇన్ ల్యూ ఆఫ్' అంటే?"

అన్నం కలుపుతూనే అన్నాడు. "గది నా మాట బేటీ. 'దాన్ని సూసి, దాన్ని మనసుల పెట్టుకొని' అని."

కైనాత్ పకపకా నవ్వింది. "సున్నా మార్కులు! గది 'ఇన్ వ్యూ ఆఫ్'. 'ఇన్ ల్యూ ఆఫ్' అంటే బదులుకు. ఇది తీసుకొని, దీని జాగల అది ఇయ్యుమని. మస్తు మంది గిదే తప్పు చేస్తరట, కింద రాసిండ్రు సూడు."

"పుస్తకం తప్పు."

"ఇంకో పుస్తకం తేనా?"

తెచ్చింది. అందులోనూ అదే ఉంది. ఇబ్రాహీం చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో అన్నం అలాగే ఉంది.

గోడ దగ్గర కూర్చున్న మొదటి ఏడు, తలుపు మీది నోటీసులో ఆ మాట చూశాడు. అర్థం అడిగితే అక్కడి జవాను 'దాన్ని సూసి' అని చెప్పాడు. ఆ మాట చూడటానికి పెద్దాఫీసర్ల మాటలా ఉంది. అప్పటి నుంచి ఏ దరఖాస్తు కొట్టినా ముందు వేళ్లు వాటంతట అవే ఆ అక్షరాల మీదికి పోయేవి.

మంచం కింది రేకు పెట్టె లాగాడు. కొట్టిన ప్రతి దరఖాస్తుకూ కార్బన్ నకలు అందులో ఉంది. దెబోరాది పైనే దొరికింది. 'మా సమాధుల తోటను మనసులో పెట్టుకొని తూర్పు భూమి సంగతి చూడండి' అని అతను చదివి వినిపించిన కాగితమే. కాగితం మీద మాత్రం 'మా సమాధుల తోటకు బదులుగా తూర్పు భూమి సంగతి చూడండి' అని ఉంది.

తోట తీసుకొని దాని జాగాలో తూర్పు భూమి ఇస్తే చాలని వీళ్లు ఒప్పుకున్నట్టే ఆఫీసులో చదువుకున్నారు. అందుకే వాడు దండం పెట్టాడు.

ఇన్నేళ్లూ చదివి వినిపించింది కాగితాన్ని కాదు, తన మనసులో ఉన్నదాన్ని. విన్నవాళ్లు ఔనన్నారు.

చెయ్యి ఆగకుండా ఇంకా కిందికి పోయింది. రాయమల్లు బావి కాగితం. బావి ఉందని చూసి కాలువ పక్కకు జరపమన్నాడు రాయమల్లు. బావి పూడ్చి, ఎక్కడో గుట్ట కింద ముక్క భూమి ఇచ్చారు. ఆ ఏడు అతను మక్కకంకులు తెచ్చిచ్చి, "నువ్వు మంచిగనే రాసినవ్ భాయ్, నా నసీబే గట్లుంది" అన్నాడు. దాని కింద గంగుబాయిది. పదకొండేళ్ల తన చాకిరీని చూసి బిడ్డకు కూడా ఒక పని ఇమ్మంది. బిడ్డను పెట్టుకుని తల్లిని తీసేశారు. అవన్నీ ఈ మాట వల్లే జరిగాయో లేదో ఎవరు చెప్పగలరు? పెట్టె అడుగు ఇంకా కనపడలేదు.

"అబ్బూ, ఏమైంది?" కైనాత్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"టైమెంత?"

"మూడున్నర."

బస్టాండులో దెబోరా చెక్క బల్ల మీద కూర్చుని ఉంది. ఇబ్రాహీం నిలబడే చెప్పాడు, ఏదీ దాచకుండా.

"అంటే నేనే నా పెనిమిటి జాగ ఇడిసిపెడ్త అని దస్కతు చేసిన్నా?"

"తప్పు నాది చెల్లె."

"నీదే. మల్ల రాయి. ఈపారి తెలుగుల రాయి."

ఆ బల్ల మీదే రాశాడు, చేత్తో. చదవబోతే ఆమె కాగితం లాక్కుంది. "ఉండు. రోజూ బైబిలు సదువుతలేనా? తెలుగైతే నాకు రాదా?" వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చివరిదాకా చదివింది. "మొదటి కాగితం తప్పని ఉంది. తప్పు చేసినోని పేరేది?"

ఇబ్రాహీం కింద రాశాడు. 'పై తప్పు టైపు చేసిన నాది. షేక్ ఇబ్రాహీం.'

నాలుగూ యాభైకి గుమాస్తా వెంకటేశ్ ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చూశాడు.

"ఏం రాసినవ్ భాయ్ ఇది? గీ ఆఖరి ముక్క కొట్టెయ్. పెద్ద సారు సూస్తే రేపటికెల్లి గోడ కాడ కూసోనియ్యడు."

"గా ముక్క లేకుంటే గీ అమ్మ మాట ఎవరు నమ్ముతరు? ఉండనియ్."

వెంకటేశ్ ముద్ర కొట్టాడు. "మొదటిది తీసెయ్య రాదు. ఫైల్ల రెండు కాగితాలూ ఉంటయి. దేన్ని నమ్ముతడో సారు మర్జీ. సోమారం తెలుస్తది."

బయటికి వచ్చేసరికి జేసీబీ ఎక్కించుకున్న లారీ ఒకటి ఆఫీసు ముందు నుంచి మలుపు తిరిగింది. అది దెబోరా ఊరి తోవ.

"సోమారం దాంక నేను తోటలనే ఉంట. సంఘం మొత్తం ఉంటది." వెనక్కి చూడకుండా బస్సు ఎక్కింది. లారీ లేపిన దుమ్ములోనే బస్సు పోయింది.

ఇబ్రాహీం మిషన్ మీద గుడ్డ కప్పుతున్నాడు. కిటికీలోంచి వెంకటేశ్ పిలిచాడు. అతని చేతిలో తాడుతో కట్టిన కాగితాల కట్ట ఉంది.

"భాయ్, గీ రోడ్డుకే ఇంకో మూడూర్లకెల్లి వచ్చినయి. అన్నీ ఒక్కతీరుగనే మొదలైతున్నయ్. ఇవన్ని గూడ నువ్వు కొట్టినవేనా?"

కిటికీలోంచి కనిపించే ఆఫీసు గడియారం అయిదు దాటింది.

"నేనే" అన్నాడు ఇబ్రాహీం, కప్పిన గుడ్డ మళ్లీ తీస్తూ. "పేర్లు సదువు. ఒక్కొక్కరి ఇంటికి నేనే పోత."