స్క్రూలు తీసిన రైలు

బిగింపు మేస్త్రి చేసిన బల్ల కదలదు. కదిలిందని ఎవరైనా అంటే, నేలే వంకరగా ఉందంటాడు. ఒక స్క్రూ చాలే చోట రెండు బిగించి, వాటికి తోడు బంక కూడా పూస్తాడు. వడ్రంగి షెడ్డులో వాళ్లు ఆ పేరు ఊరికే పెట్టలేదు.

అలాంటి మనిషికి నడివయసులో బొమ్మ రైలు పిచ్చి పట్టుకుంది. కొందరికి ఆ వయసులో షుగరు వస్తుంది, ఈయనకు ఇది వచ్చింది. వెనక గదిలో గోడ పొడుగునా ప్లైవుడ్ బల్ల వేసి, పట్టాలు, సొరంగం, స్టేషను కట్టాడు. బల్లను గోడకు బోల్టులతో బిగించాడు. ఆ గోడకు అవతల భార్య మంచం. ఆమె ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ రాత్రి డ్యూటీ. సెలవురోజున ఆయన రైలు నడిపేదీ, ఆమె నిద్రపోయేదీ పగలే.

"మీ రైలు నా తలలోంచి పోతోందండీ" అని ఆమె చాలాకాలం మెల్లగానే చెప్పింది. ఒక ఉదయం మెల్లగా చెప్పలేదు. రోగికి ఇవ్వాల్సిన మందు చేతిలో పట్టుకుని, నిలబడే కునికిందట. పక్క నర్సు చూసింది కాబట్టి సరిపోయింది.

"వచ్చే సెలవుకి చప్పుడన్నా ఆగాలి, రైలన్నా అటకెక్కాలి. ఏదో ఒకటి మీరే తేల్చుకోండి."

ఆయన భయపడ్డాడు. రైలు పోతుందని కొంత, ఆ మందు సంగతి విని ఇంకా ఎక్కువ. పట్టాల కింద చప్పుడు పీల్చుకునే మెత్తటి కార్కు షీటు పరిచాడు. పరిచి ఊరుకోవచ్చు కదా! అది జారకుండా పట్టాల్లోంచి, కార్కులోంచి బల్లలోకి దిగేలా పొడుగాటి స్క్రూలు బిగించాడు. చప్పుడు కాస్తయినా తగ్గలేదు. ఇంకా మందం కార్కు తెచ్చి, ఇంకా పొడుగు స్క్రూలు బిగించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ మూడింటినీ బిగించేశాడు కూడా.

భార్య బజారుకు వెళ్లినప్పుడు, రైలును నడవనిచ్చి వెళ్లి ఆమె దిండు మీద తల పెట్టాడు. పిండిమర పక్కన పడుకున్నట్టుంది. ఇన్నాళ్లూ ఆమె పడుకున్నది ఇందులోనా అనుకుంటే సిగ్గేసింది. ఇంతలో చప్పుడు ఒక్కసారిగా తగ్గి, మళ్లీ మొదలైంది. రైలు పడిపోయిందేమోనని పరుగెత్తాడు. పడలేదు. సొరంగం దగ్గర మలుపు సరిచేయడానికి తీసిన స్క్రూలు తిరిగి పెట్టడం మరిచాడు, అంతే. ఆ ముక్క దాటేటప్పుడే రైలు నోరు మూసుకుంటోంది. కార్కు ఆపిన చప్పుడును స్క్రూలు మోసుకెళ్లి బల్లకు, బల్ల తీసుకెళ్లి గోడకు అప్పగిస్తున్నాయి.

సంగతి అర్థమైంది కానీ చేతులు రాలేదు. ఒక్కో స్క్రూ విప్పుతుంటే సొంత పన్ను పీక్కున్నట్టుంది. పట్టాలను కార్కు మీద పలచటి బంకతో నిలిపాడు. గోడ బోల్టులు తీసి బల్లను జానెడు ఇవతలికి లాగాడు. బల్ల కాళ్ల కింద పాత చెప్పుల రబ్బరు ముక్కలు పెట్టాడు. చేయి వేస్తే బల్ల ఊగింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

సెలవురోజు మధ్యాహ్నం దాటాక ఆమె లేచి, జుట్టు ముడేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఇవాళ నడపలేదా?"

"పొద్దుట్నుంచీ నడుస్తూనే ఉంది."

రైలు సొరంగంలోంచి వచ్చి, చిన్న గరగరతో ఆమె ముందు నుంచి పోయింది. ఆమె బల్ల అంచు పట్టుకుంది. అది కదిలింది. ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"ఇంత తేలికైతే ఇన్నాళ్లూ ఎందుకు బిగించారండీ?"

"బిగిస్తేనే నిలుస్తుందనుకున్నా."

ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"నిలవకపోతే అప్పుడు చూద్దాం లెండి" అంది. "ఇంకో చుట్టు తిప్పండి."